ఓహూస్ వెళ్ళని గిన్నె

“కూర్చోండి, మిసెస్ వి. ఒక మనిషి చనిపోయాడు.”

వసుమతి కూర్చోలేదు. “నా పేరు వసుమతి,” అంది.

“మూడేళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉన్నారు.”

“మూడేళ్ళుగా మీరు నేర్చుకోలేదు కాబట్టి.”

మెక్‌కే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక డ్రైక్లీనింగ్ షాపు పైన ఉన్న ఆ రెండు గదుల ఆఫీసుకి అతను చీఫ్. తలుపు మీద షిప్పింగ్ కంపెనీ బోర్డు. లోపల జరిగేది గూఢచర్యం. వసుమతి అక్కడ టైపిస్టు అని ఆమె భర్త శ్రీధర్ నమ్మకం. వాళ్ళుండే పిస్కాటవేలోని తెలుగువాళ్ళందరి నమ్మకం కూడా అదే. ఆమె ఇప్పటిదాకా రెండుసార్లు నన్‌గా, ఒకసారి హోటల్ పనిమనిషిగా, ఒకసారి చెవిటి నర్సుగా వేషం వేసిందని ఎవరికీ తెలియదు. నలభై నాలుగేళ్ళ ఆడమనిషి, చలికోటు కింద చీర, చేతిలో కూపన్ల కట్ట. అంతకన్నా మంచి వేషం వాషింగ్టన్‌లో కూడా దొరకదని మెక్‌కేయే ఒకసారి అన్నాడు.

అతని బల్ల మీద నీలం ప్లాస్టిక్ డబ్బా తెరిచి ఉంది. అతని శాండ్‌విచ్ డబ్బా అది. నిన్న ఆఫీసు సింకులో వదిలేసి వెళ్తే వసుమతి ఇంటికి తీసుకెళ్ళి కడిగి, పొద్దున్నే తెచ్చి పెట్టింది. అందులోంచి ఒక జంతిక తీసి విరిచాడు.

“ఇవాళ తెల్లవారి ఆరింటికి, న్యూవార్క్‌లో. ఫొటో స్టూడియోవాడు. మనం వెంటాడుతున్న దొంగసరుకు ముఠాకి ఫిల్ములు కడిగిపెట్టేవాడు. పని అయిపోగానే వాళ్ళే కాల్చేశారు. డార్క్‌రూమ్ సింకులో ఇది దొరికింది.”

చిరిగిన ఫొటో ముక్క. ఒక చెవి, ముత్యపు కమ్మ, నెరిసిన జుట్టు. వసుమతి ఎన్నడూ ఆ మనిషిని చూడలేదు. కానీ ఆ ఫొటోని ఫైల్లో అతికించింది తనే.

“బోదిల్,” అంది.

మూడేళ్ళ నాటి సంగతి. సబ్‌మెరైన్ల ప్రొపెల్లర్లు చెక్కే మెషిన్ల విడిభాగాలు దొంగతనంగా అమెరికా దాటుతున్నాయి. ఓడలన్నీ డెన్మార్క్‌లోని ఒకే రేవుకి వెళ్తున్నాయి. కాగితాల మీద మాత్రం ఆ ఊరి పేరు నాలుగు రకాలుగా ఉండేది. ఒకసారి రెండు ఇంగ్లీషు ‘ఏ’ అక్షరాలతో, ఒకసారి నెత్తిన చిన్న సున్నా ఉన్న ఒకే ఏతో, ఒకసారి ఆ సున్నా కూడా లేకుండా, మరోసారి పాతకాలపు పద్ధతిలో యూ అక్షరం రెండుసార్లు రాసి. రేవులోని కంప్యూటర్‌కి అవి నాలుగు ఊళ్ళు. నాలుగు ఊళ్ళకి కొంచెం కొంచెం సరుకు. ఏ లెక్కా పరిమితి దాటదు, ఏ గంటా మోగదు.

ఆ నాలుగు ఊళ్ళ పెట్టెలూ ఒకే గోడౌన్‌లో దిగడం చూసింది ఆ ఊరి పోర్ట్ ఆఫీసులో పనిచేసే బోదిల్. చూసి ఊరుకోలేదు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఆమె నుంచి వసుమతికి టెలెక్స్ వస్తోంది. టెలెక్స్ మెషిన్‌లో ఆ సున్నా ఉన్న ఏ లేదు. అందుకని బోదిల్ రెండు ఏలు కొట్టేది. “మా నాన్న సంతోషిస్తాడు,” అని ఒకసారి కింద రాసింది. నలభై ఎనిమిదిలో స్పెల్లింగులు మారుస్తూ కొత్త రూల్ వచ్చిందట. గడియారాలు బాగుచేసే ఆ ముసలాయన తన షాపు బోర్డు మార్చలేదు. ఊరి పేరు ఊరివాళ్ళది, ఆఫీసుది కాదు అనేవాడట. పోయేదాకా ఆ బోర్డు మీద రెండు ఏలే ఉన్నాయి.

ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడుకున్నారు. మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనూ బోదిల్ ఊరి పేరు పలకడం నేర్పింది. నోరు గుండ్రంగా తెరిచి ఓ అనాలి. మధ్యలో ర్ ఉందో లేదో తెలియకూడదు. తరువాత హూస్. ఓహూస్. బదులుగా వసుమతి తన పేరు నేర్పింది. బోదిల్ రెండోసారికే సరిగ్గా పలికింది.

“ఆమె ఫైలుని ఎవరో ఫొటో తీశారు. స్టూడియోవాడి డైరీ ప్రకారం ఆ ఫిల్ము ఇవాళ సాయంత్రం అయిదున్నరకి కెనెడీ ఎయిర్‌పోర్ట్ నుంచి కోపెన్‌హాగన్ ఫ్లైట్‌లో వెళ్తుంది. రేపు మధ్యాహ్నానికి ఆర్-హస్ చేరుతుంది,” అన్నాడు మెక్‌కే.

“ఓహూస్. ఆమెకి చెప్పాలి. ఇప్పుడే.”

“ఎలా? ఇవాళ శుక్రవారం. అక్కడ రాత్రి ఎనిమిది దాటింది. ఆఫీసు మూసేశారు. టెలెక్స్ చూసేది సోమవారం. ఆమె ఇంటి ఫోన్ నంబర్ మన దగ్గర లేదు. ఆమె ఎవరో అక్కడున్న మన మనిషికి కూడా తెలియదు. ఆ రూల్ పెట్టింది మనమే.”

“అయితే ఆమె ఆదివారం చూడదు.”

“ఫిల్ము విమానం ఎక్కితే చూడదు,” అన్నాడు మెక్‌కే. ఇంకో జంతిక తీసుకున్నాడు. “అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ ఫైలు ఈ గదిలోని సేఫ్‌లో ఉంది. తెరిచింది ముగ్గురం. నేను. రేణు. మీరు.”

అప్పుడే తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందు వచ్చింది, వెనక రేణు. మిరపపండు రంగు కోటు, నల్ల కళ్ళద్దాలు, ఉంగరం మీద ఎర్రరాయి. కింద రోడ్డు మీద అదే రంగు స్పోర్ట్స్ కారు. ఏడాదిన్నర క్రితం ఈ ఆఫీసుకి వచ్చింది. బందరులో పుట్టి ఇరవై రెండేళ్ళు అక్కడే పెరిగానని చెప్పింది. ఆ ఆఫీసులో ‘వసుమతి’ అని తప్పులేకుండా పలికే మనిషి ఆమె ఒక్కతే. డేనిష్ ఊరి పేరు కూడా తప్పు పలికేది కాదు.

“వసుమతక్కా, విన్నాను. ఎంత ఘోరం!” అంది రేణు.

“గేట్ దగ్గర రేణు ఉంటుంది. మన ఇద్దరు మనుషులు ప్రతి ప్యాసింజర్‌ని వెతుకుతారు,” అన్నాడు మెక్‌కే. “మిసెస్ వి, మీరు ఇంటికి వెళ్ళండి. ఆ ఊరితో ఎక్కువ మాట్లాడింది మీరే. నాకు వేరే దారి లేదు. బ్యాడ్జి, లైటర్ కెమెరా, రేడియో ఉన్న పౌడర్ డబ్బా బల్ల మీద పెట్టండి. ఇల్లు దాటితే అరెస్ట్ చేయిస్తాను.”

వసుమతి మూడూ బల్ల మీద పెట్టింది.

“అనుమానించడానికి కూడా పేరు సరిగ్గా తెలియాలి, చీఫ్. వారంట్ మీద మిసెస్ వి అని రాస్తారా?” అని బయటికి నడిచింది.

* * *

ఇంటి ముందు శ్రీధర్ స్టేషన్ వాగన్ బానెట్‌లో తల దూర్చి ఉన్నాడు. మందుల కంపెనీలో కెమిస్టు. ఆ రోజు సెలవు పెట్టి మరీ కారు రిపేరు చేస్తున్నాడు.

“తొందరగా వచ్చేశావేం వసూ? స్టార్ట్ చేశాను, చూడు. ఆపితే మాత్రం మళ్ళీ ఎప్పుడు స్టార్ట్ అవుతుందో చెప్పలేను. ఆఁ, పొద్దున నువ్వెళ్ళాక రేణుగారు వచ్చారు. క్యారియర్ ఇచ్చి వెళ్ళారు. ఏం కారే ఆవిడది!”

వంటింటి గట్టు మీద క్యారియర్ ఉంది. పోయిన ఆదివారం ఒంటరి మనిషి కదా అని రేణుకి వసుమతి నాలుగు గిన్నెల నిండా వంట పంపింది. పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు, దద్దోజనం. పెళ్ళికి అమ్మ ఇచ్చిన క్యారియర్. ప్రతి గిన్నె మీదా ‘వసుమతి’ అని తెలుగులో చెక్కించి ఉంది.

మూడు గిన్నెలే ఉన్నాయి.

“నాలుగోది ఏదండీ?”

“ఫ్రెండ్ దగ్గరుందట. సోమవారం ఇస్తానన్నారు.”

వసుమతి మొదటి గిన్నె మూత తీసింది. ఖాళీ. రెండోది తీసింది. ఖాళీ. మూడోదాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. తళతళలాడుతోంది. అడుగున ఒక చెంచా చక్కెర లేదు, ఒక అరటిపండు లేదు, కనీసం నాలుగు బియ్యపుగింజలు లేవు.

గిన్నెలు మూడూ మళ్ళీ గట్టు మీద వరసగా పెట్టింది.

ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు ఈ సంగతి. చిన్నప్పుడు పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్తూ, అందులో అమ్మ వేసిన బెల్లంముక్కని దారిలో కొరికితే చివాట్లు పడి నేర్చుకుంటారు. పిస్కాటవేలో ఇంట్లో ఏమీ లేని రోజున డాక్టర్ జయంతి కూడా ఒక చాక్లెట్ వేసి పంపుతుంది. ఆదివారం తెలుగు చర్చికి వెళ్ళే ప్రేమజ్యోతి కేకు ముక్క పెడుతుంది. బందరులో ఇరవై రెండేళ్ళు పెరిగిన పిల్ల చేతిలోంచి మూడు గిన్నెలు, మూడూ ఖాళీగా!

ఈ పిల్ల బందరులో పెరగలేదు. ఏ వంటింట్లోనూ పెరగలేదు. ఎక్కడో ఒక గదిలో టేపులు విని ఈ భాష నేర్చుకుంది. టేపుల్లో మాటలుంటాయి. బెల్లంముక్క ఉండదు.

అంటే నాలుగో గిన్నె ఎక్కడుంది?

సమాధానం ఒక్కసారిగా వచ్చింది. ఫిల్ము కోసం ప్యాసింజర్లని వెతుకుతారు. కాపలా కాసే రేణుని ఎవరు వెతుకుతారు? విమానంలో పనిచేసేవాళ్ళని ఎవరు వెతుకుతారు? తిండి ఉంటే కస్టమ్స్ వాళ్ళు ఆపుతారు. కడిగిన ఖాళీ గిన్నెని ఎవరూ ఆపరు. ఒకవేళ దొరికినా దాని మీద ఉన్న పేరు వసుమతి. జతగిన్నెలు మూడూ వసుమతి వంటింట్లో. ఇవాళ పొద్దున్నే తెచ్చి పెట్టింది అందుకే.

ఆమె ఫోన్ తీసింది.

“చీఫ్, రేణు మన మనిషి కాదు. ఫిల్ము నా గిన్నెలో వెళ్తోంది.”

“సాక్ష్యం?”

“మిగిలిన మూడు గిన్నెలూ ఖాళీగా వచ్చాయి.”

“మిసెస్ వి, ఇంట్లో ఉండండి.”

“నేను కెనెడీకి వెళ్తున్నాను. అరెస్ట్ చేయాలంటే అక్కడికే రండి. మీరే స్వయంగా రండి. బేడీలు మర్చిపోకండి.”

ఫోన్ పెట్టేసి, మూడు గిన్నెలనీ క్యారియర్ ఫ్రేములో సర్ది, కోటు తొడుక్కుని బయటికి పరిగెత్తింది.

“ఏవండీ, ఎయిర్‌పోర్ట్‌కి పదండి. కెనెడీ.”

“ఎవరొస్తున్నారు?”

“ఎవరూ రావట్లేదు. నా నాలుగో గిన్నె తెచ్చుకోవాలి.”

శ్రీధర్ స్పానర్ కింద పెట్టాడు. “ఒక్క గిన్నె కోసం న్యూయార్క్ దాకానా? పెట్రోల్ ఖర్చుకి నాలుగు గిన్నెలొస్తాయే!”

“అది మా అమ్మ ఇచ్చింది.”

పందొమ్మిదేళ్ళ కాపురంలో శ్రీధర్ నేర్చుకున్న విషయాలు తక్కువే. ఆ గొంతుతో వాదించకూడదన్నది అందులో ఒకటి. కారెక్కాడు.

* * *

వంతెన మీద ట్రాఫిక్. అయిదు గంటల అయిదు నిమిషాలకి టెర్మినల్ ముందు ఆగారు.

“ఇంజన్ ఆపకండి,” అని దిగి పరిగెత్తింది వసుమతి. వెనకాల ఇంజన్ దగ్గి ఆగిపోయిన శబ్దం వినిపించింది. ఎదురుగా, బారికేడ్‌కీ వాగన్‌కీ మధ్య, ఎర్ర స్పోర్ట్స్ కారు నిలబడి ఉంది.

సెక్యూరిటీ ఎక్స్‌రే దగ్గర కుర్రది స్క్రీన్ చూసి మొహం చిట్లించింది. “ఏంటిది మేడమ్?”

“లంచ్ బాక్స్.”

“పైన ఖాళీగా ఉందేం?”

“నాలుగోది లోపలుంది. దానికోసమే వెళ్తున్నా.”

గేట్ దగ్గర లైను సగం అయిపోయింది. మెక్‌కే మనుషులిద్దరూ ఒక ముసలాయన సంచిలోంచి సాక్సులు బయటికి తీస్తున్నారు. వాళ్ళ వెనకగా, గాజు తలుపు పక్కన, రేణు విమాన సిబ్బందిలోని ఒక పర్సర్‌తో నవ్వుతూ మాట్లాడుతోంది. యాభై ఏళ్ళుంటాయి అతనికి. నీలం యూనిఫాం, తెల్లబడిన మీసం. అతని చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. అతను తల ఊపి తలుపు వైపు తిరిగాడు.

“సర్!” అని అరిచింది వసుమతి. “ఆ గిన్నె ఓహూస్‌కేనా?”

పర్సర్ ఆగాడు. వెనక్కి తిరిగాడు.

“మేడమ్, నేను పుట్టింది ఆ ఊళ్ళో. ఇరవై ఏళ్ళుగా ఈ ఎయిర్‌పోర్ట్‌కి వస్తున్నాను. మా ఊరి పేరు ఇంత బాగా ఇక్కడెవరూ అనలేదు. ఎవరు నేర్పారు?”

“మీ ఊరావిడే.”

రేణు వచ్చి వసుమతి చేయి పట్టుకుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి ముద్దుగా ఉంటుంది.

“అక్కా, నా ఉంగరం చూశావా?” అంది తెలుగులో, నవ్వుతూనే. “రాయి కింద విషపు సూది ఉంది. నలభై సెకన్లు చాలు. ఇంటికి పో. ఎవత్తో ముక్కూమొహం తెలియని దానికోసం ఎందుకే నీకీ తాపత్రయం?”

“ముక్కూమొహం తెలియకపోయినా నా పేరు తెలుసు దానికి,” అంది వసుమతి. తరువాత ఎనభై మంది వినేలా ఇంగ్లీషులో గొంతెత్తింది. “నా గిన్నె నాకివ్వవేం? మా అమ్మ పెట్టిన సామాను ఊళ్ళవాళ్ళకి పంచిపెట్టడానికి నువ్వెవరు?”

లైనంతా ఇటు తిరిగింది. సాక్సులు వెతికే ఇద్దరూ తిరిగారు. అందరి చూపూ రేణు చేతి మీద పడింది. ఆమె వేళ్ళు సడలాయి.

“పట్టుకోండి! ఆమే!” అంది రేణు వాళ్ళతో.

ఇద్దరూ వసుమతి భుజాలు పట్టుకున్నారు. ఆ వెనకే ఆయాసపడుతూ మెక్‌కే వచ్చాడు. చేతిలో నిజంగానే బేడీలున్నాయి.

గేట్ దగ్గర అమ్మాయి మైకులో చివరి పిలుపు ఇచ్చింది. అయిదూ ఇరవై.

“నేను వెళ్ళాలి,” అన్నాడు పర్సర్. “ఈ గిన్నె ఈ ఎర్రకోటు అమ్మాయి ఇచ్చింది. మా ఊళ్ళో వాళ్ళ ఫ్రెండ్‌దట. రేపు వచ్చి తీసుకుంటారట.”

“అక్క ఇమ్మంటే ఇచ్చాను, చీఫ్,” అంది రేణు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. “అందులో ఏముందో నాకేం తెలుసు? గుడ్డ విప్పి చూడండి. ఆమె పేరే ఉంది దాని మీద.”

“ఉంది. నా సామాను మీద నా పేరు పూర్తిగానే ఉంటుంది,” అంది వసుమతి. “చీఫ్, ఆ గిన్నె ఈ క్యారియర్‌లో పెట్టి క్లిప్ వేయండి.”

మెక్‌కే గుడ్డ విప్పాడు. గిన్నెని మిగిలిన మూడింటి మీద పెట్టి క్లిప్ లాగాడు. పడలేదు. ఇంకా గట్టిగా లాగాడు. వేలెడు ఎత్తు తేడా. దాన్ని బోర్లించి, మిగిలినవాటినీ దాన్నీ వేలితో కొట్టి చూశాడు. మిగిలిన గిన్నెలు ఖంగుమన్నాయి. ఇది మాత్రం మూగగా పలికింది. అడుగున రెండో అడుగు అతికించి ఉంది.

“ఫిల్ము ఇక్కడుంది,” అన్నాడు మెల్లగా. “కానీ ఇద్దరిలో ఎవరు పెట్టారు?”

“మూత తీసి చూడండి. లోపల ఏముంది?”

“ఏమీ లేదు.”

“మూడేళ్ళుగా మీ నీలం డబ్బా నేను కడిగి ఇస్తున్నాను. ఒక్కసారైనా ఖాళీగా ఇచ్చానా?”

మెక్‌కే ఖాళీ గిన్నెలోకి మళ్ళీ చూశాడు. అతనికి జంతికలు గుర్తొచ్చాయి. వాటికి ముందు నారింజపండు, దానికి ముందు పీచుమిఠాయి. జ్వరంతో వసుమతి ఒక్కపూటే ఆఫీసుకి వచ్చిన రోజున రెండు దగ్గుబిళ్ళలు. ఇదేదో మతానికి సంబంధించిన సంగతా అని ఇంట్లో భార్య అడిగింది కూడా.

“ఖాళీ గిన్నె నా ఇంటి గడప దాటదు, చీఫ్. నేను దేశద్రోహినే అయినా అందులో చెంచాడు చక్కెర వేసే పంపుతాను. చేయి దానంతట అదే వేస్తుంది.”

మెక్‌కే రేణు వైపు తిరిగాడు. “రేణూ, ఆ ఉంగరం తీసి నాకివ్వు.”

రేణు ఇవ్వలేదు. పరిగెత్తింది.

హైహీల్స్ విసిరేసి, ఎస్కలేటర్ దూకి, అద్దాల తలుపు తోసుకుని ఎర్రకారులో పడింది. ఇంజన్ గర్జించింది. ముందు బారికేడ్. వెనక్కి తిప్పబోతే, అడ్డంగా, స్టార్ట్ అవని స్టేషన్ వాగన్. ట్రాఫిక్ పోలీసు శ్రీధర్‌కి టికెట్ రాస్తున్నాడు. శ్రీధర్ దణ్ణం పెడుతున్నాడు.

“రేణుగారూ! మంచి టైముకి వచ్చారు,” అన్నాడు శ్రీధర్ ఆమె కిటికీ తట్టి. “జంపర్ కేబుల్స్ ఉన్నాయా?”

వెనకనుంచి మెక్‌కే మనుషులు ఆ కారు తలుపు తెరిచారు.

అయిదున్నరకి విమానం లేచింది. పర్సర్ చేతులు ఖాళీ.

* * *

సోమవారం ఉదయం టెలెక్స్ గడగడలాడింది. “ఇక్కడ వర్షం. ఆదివారమంతా ఇంట్లో కూర్చుని స్వెటర్ అల్లాను. అక్కడ ఎలా ఉంది, వసుమతి?” కింద ఊరి పేరు, రెండు ఏలతో.

“ఇక్కడ ఎండగానే ఉంది,” అని జవాబు కొట్టింది వసుమతి.

సాక్ష్యంగా వెళ్ళిన గిన్నె మార్చి నెలలో గాని తిరిగి రాలేదు. అడుగు ఊడదీసి, సరిచేసి, సీలు వేసి పంపారు. మెక్‌కే దాన్ని స్వయంగా ఆమె బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల కాఫీ షాపులో ఇచ్చే చక్కెర పొట్లాలు నాలుగు ఉన్నాయి.

“ఖాళీగా ఇవ్వకూడదు కదా,” అన్నాడు గర్వంగా. “ఇంకోటి వినండి. ఓహూస్! నెలంతా ప్రాక్టీస్ చేశాను. ఎలా ఉంది, మిసెస్ వాసూమాటీ?”

“బాగుంది, మిస్టర్ మెక్‌కాయ్.”

“మెక్‌కే,” అన్నాడతను వెంటనే. “నా పేరు మెక్‌కే.”

వసుమతి ఒక చక్కెర పొట్లం చింపి కాఫీలో వేసుకుంది.

“నాకు మూడేళ్ళు టైమివ్వండి, చీఫ్.”